వీధి మోతకు హద్దు ఎవరు గీశారు?

1864లో బ్రిటిష్ పార్లమెంటు లండన్ వీధి సంగీతం మీద ఒక చట్టం చేసింది. మైకేల్ బాస్ అనే సభ్యుడు దాన్ని సభ ముందుకు తెచ్చాడు. గణిత శాస్త్రవేత్త చార్లెస్ బాబేజ్ వీధి వాద్యాల మీద ఏళ్ళ తరబడి చేసిన పోరాటం దాని వెనక ఉంది. చట్టం చెప్పిన విషయం చిన్నదే. గుమ్మం ముందు ఎవరైనా వాద్యం మోగిస్తుంటే, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడనో, తన పనికి అడ్డం వస్తోందనో చెప్పి ఇంటివాడు వాళ్ళను వెళ్ళిపొమ్మనవచ్చు. వెళ్ళకపోతే అది నేరం. దీనికి ఐదేళ్ళ ముందు, 1859లో, అదే సామ్రాజ్యం మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల కోసం ఒక పోలీసు చట్టం చేసింది. రోడ్ల మీద ఊరేగింపులను, దేశీయుల పండుగలప్పుడు, వేడుకలప్పుడు వీధుల్లో మోగే వాద్యాలను అదుపు చేసే అధికారాన్ని దాని 49వ సెక్షన్ పోలీసు అధికారికి ఇచ్చింది. ఇందులో ఇంటివాడి ఊసు లేదు, జబ్బు మనిషి ఊసు లేదు. మోగించేవాడు ఒకడు, అనుమతించేవాడు ఒకడు, అంతే. వినక తప్పని మూడో మనిషికి చట్టంలో చోటు దొరకలేదు. మన పట్టణాల్లో శబ్దం మీద నియమాలకు కొదవ లేదు. అవి అమలు కాకపోవడానికి పోలీసుల బద్ధకమో జనం మొండితనమో కారణమని చాలామంది అంటారు. అసలు కారణం అంతకంటే పాతదని నా వాదన. మన నియమాలు మొదటినుంచీ అనుమతి చుట్టూ అల్లుకున్నాయి. ఎంత మోత వరకు సరి అనే హద్దు వాటిలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చాక కూడా అనుమతి కాగితం వెనకే నిలబడింది.

అనుమతి పద్ధతిని తెల్లవాళ్ళే తెచ్చారనుకుంటే పొరపాటు. తొలి కాకతీయుల శాసనాల్లో రాజు పేరుకు ముందు వచ్చే బిరుదుల్లో పంచమహాశబ్దాలను పొందినవాడు అన్నది ఒకటి. కొమ్ము, శంఖం, భేరి, జయఘంట, తమ్మట అనే అయిదు వాద్యాలను తన ముందు మోగించుకునే గౌరవం అది. చక్రవర్తి ఇస్తేనే సామంతుడికి దక్కేది. చాళుక్యుల కింద హనుమకొండను ఏలిన మండలేశ్వరులకు మోత సంగీతం మాత్రమే కాదు, హోదా కూడా. ఎవరి ముందు ఏ వాద్యం మోగవచ్చో పైనుంచి తేలేది. రాజ్యాలు మారినా వీధి స్థాయిలో ఈ లెక్క చెరగలేదు. ఏ కులం పెళ్ళికి ఏ మేళం ఉండాలి, ఏ వీధి మొదట్లో అది ఆగిపోవాలి అన్నవి ఊళ్ళలో రాయని చట్టాలుగా నడిచాయి. మద్రాసు పట్నంలో కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాల పేరుతో 17వ శతాబ్దం మధ్యనుంచి జరిగిన గొడవలు ఎక్కువగా వీటి గురించినవే. కోమట్లు ఒక పక్షం, బేరి చెట్లు మరో పక్షం. 1707లో గవర్నరు థామస్ పిట్ కాలంలో ఒక పెళ్ళి ఊరేగింపు ఎదుటి పక్షం వీధుల్లోకి వెళ్ళిందన్న తగువు పట్నాన్ని కుదిపేసింది. ఎవరికి ఏ వీధులో కంపెనీవాళ్ళు కూర్చుని పంచాల్సి వచ్చింది. ఈ తగువుల్లో నిద్ర చెడుతోందని గాని, చెవులు దిబ్బళ్ళు పడుతున్నాయని గాని ఎవరూ వాదించలేదు. మోగిన మేళం మా వీధిలో మోగిందా, మీ వీధిలో మోగిందా అన్నదే ప్రశ్న. శబ్దం ఎంతో అడగలేదు, ఎవరిదో అడిగారు.

ఈ ప్రశ్న న్యాయస్థానానికి ఎక్కి తీర్పుగా మారిన చోటు సేలం. ఆ పట్టణంలో ఊరేగింపులు వెళ్ళే దారి పక్కన ఒక మసీదు ఉంది. దాని ముందునుంచి మేళతాళాలతో వెళ్ళే హక్కు ఉందని హిందువులు, ప్రార్థనాస్థలం ముందు వాద్యం ఆగాల్సిందేనని ముస్లిములు పట్టుబట్టారు. మేజిస్ట్రేట్లు ఒకసారి ఊరేగింపును ఆపుతూ, ఒకసారి వదులుతూ వచ్చారు. 1882లో అది అల్లర్లుగా మారింది. ఆగస్టులో మసీదు ధ్వంసమైంది, ప్రాణాలు పోయాయి. ఆ అల్లర్ల కేసులో ముద్దాయిగా నిలబడి, శిక్షపడి, అప్పీలులో బయటపడిన విజయరాఘవాచారియార్ తర్వాతి కాలంలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడయ్యాడు. వీధిలో వాద్యం గురించిన వివాదం 1883లో సుందరం చెట్టి కేసుగా మద్రాసు హైకోర్టు పూర్తి ధర్మాసనం ముందుకు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి చార్లెస్ టర్నర్. వీధి అందరిదీ, ఊరేగింపుతో దానిమీద నడిచే హక్కు ప్రతి మతానికీ ఉంది, తమ గుడి పవిత్రమనో మసీదు పవిత్రమనో చెప్పి ఎదుటివారిని ఆ వీధినుంచి శాశ్వతంగా దూరం పెట్టే హక్కు ఎవరికీ లేదు అని కోర్టు తేల్చింది. శాంతికి భంగం కలుగుతుందన్న భయం నిజంగా ఉంటే మేజిస్ట్రేటు ఆ కొద్దికాలానికి ఆపవచ్చు. ఆ వంకతో హక్కునే మింగెయ్యకూడదు. నా దృష్టిలో ఆ కాలానికి ఇది మంచి తీర్పు. దొమ్మీకి వస్తామని బెదిరించేవాడి మాట నెగ్గకూడదనీ, బెదిరింపుకు గురైనవాడి హక్కును కాపాడటమే అధికారి పని అనీ అది నేర్పింది. తర్వాత మన్జూర్ హసన్ కేసులో లండన్ ప్రివీ కౌన్సిల్ దాదాపు ఇదే దారి పట్టింది. ఇంత మంచి తీర్పులో కూడా ఒక మనిషి కనబడడు. ఆ వీధిలోనే కాపురం ఉండి, ఏ పక్షానికీ చెందకుండా, ఆ రాత్రికి నిద్రపోవాలనుకున్నవాడు అతను. కోర్టు ముందు రెండు మతాలు నిలబడ్డాయి, మధ్యలో ప్రభుత్వం నిలబడింది. శబ్దం శాంతిభద్రతల సమస్యగా నమోదైంది. ఆరోగ్యానికి సంబంధించినదిగా చూడటానికి ఇంకో 75 ఏళ్ళు పట్టింది.

పట్టణాలకు విడిగా వచ్చిన చట్టాలూ ఈ అచ్చులోనే పోతపోసినవి. 1888లో మద్రాసు నగర పోలీసు చట్టం, మరుసటి ఏడు పట్టణాల్లో వీధి ఇబ్బందుల నివారణ కోసం మద్రాసు టౌన్స్ న్యూసెన్సెస్ చట్టం వచ్చాయి. రెండోది కోస్తా, రాయలసీమ పట్టణాలకు కూడా వర్తించి, ఆంధ్ర ప్రాంతపు చట్టంగా పేరు మార్చుకుని స్వతంత్ర భారతంలోనూ కొనసాగింది. ఆ కాలపు రాజధాని నగరాల పోలీసు చట్టాల వాక్యం ఒకే మాదిరిగా ఉంటుంది. డప్పు కొట్టరాదు, కొమ్ము ఊదరాదు, ఇత్తడి వాద్యం మోగించరాదు, అధికారి అనుమతించిన వేళల్లో, అనుమతించిన చోట్లలో తప్ప. నిషేధం అందరికీ, మినహాయింపు అడిగినవారికి. ఆ మినహాయింపు ఎవరికి ఇస్తారు, ఎందుకు నిరాకరిస్తారు అన్నది అధికారి విచక్షణ. అప్పట్లో శబ్దాన్ని కొలిచే సాధనమే లేదు కదా, హద్దు ఎలా గీస్తారు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. డెసిబెల్ అనే ప్రమాణం 1920లలో అమెరికా టెలిఫోన్ ఇంజినీర్ల చేతిలో పుట్టింది. న్యూయార్క్ నగరం 1929లో కమిషన్ వేసి, బండిమీద పరికరాలు ఎక్కించి వీధివీధీ తిరిగి రణగొణధ్వనిని కొలిపించింది. అంతకుముందు ఎవరి దగ్గరా అంకె లేదన్నది నిజమే. కానీ లండన్ చట్టానికి కూడా అంకె లేదు. విన్నవాడి ఇబ్బందినే అది కొలతగా తీసుకుంది. మద్రాసులో ఆ ఒక్కటి వదిలేశారు. భారత శిక్షాస్మృతిలో ప్రజా ఉపద్రవం అనే నేరం ఉండేది, దాని కింద ఇరుగుపొరుగు ఫిర్యాదు చేయగలిగేవారు, అది చాలలేదా అంటే, దాని జరిమానా చూడండి. 1860లో రాసిన 290వ సెక్షన్ ప్రకారం గరిష్ఠంగా 200 రూపాయలు. కొత్త న్యాయ సంహిత అమల్లోకి వచ్చి 1000 రూపాయలు అయ్యేదాకా, అంటే 2024 జూలై 1 వరకు, ఆ 200 మారలేదు. ఆ రోజుల్లో 200 రూపాయలంటే సామాన్యుడికి దడ పుట్టించే మొత్తం. ఇవాళ ఒక మైకు సెట్టు అద్దెలో అది ఏ మూలకూ చాలదు. ఏ పాలకుడూ ఒకటిన్నర శతాబ్దంపాటు ఆ అంకెను ముట్టుకోలేదంటే, ఆ సెక్షన్ ఎవరికోసం ఉండేదో ఆ మనిషి ఎవరికీ పట్టలేదని అర్థం.

నిజాం రాజ్యంలో కథ వేరుగా ఉంటుందని అనుకోవడానికి లేదు. అక్కడ కూడా, నిజాం ప్రభుత్వం వాడిన ఫస్లీ కేలండరు ప్రకారం 1348 నాటి హైదరాబాద్ నగర పోలీసు చట్టం వీధిని, ఊరేగింపును, మోతను కమిషనరు చేతిలోనే పెట్టింది. 1938-39లో ఆర్య సమాజం చేసిన సత్యాగ్రహం వెనకున్న ఫిర్యాదుల్లో మసీదుల ముందు వాద్యాలపై ఆంక్షలు కూడా ఉన్నాయి. సేలంలో అడిగిన ప్రశ్ననే ఇక్కడా అడిగారు, అధికారం చేతులు మాత్రం వేరు. విచిత్రమేమిటంటే ఆ ఫస్లీ చట్టం ఇప్పటికీ బతికి ఉంది. తెలంగాణ రాజధానిలో పోలీసులు ఊరేగింపుల మీద ఉత్తర్వులు ఇవ్వాలంటే నేటికీ దాని తలుపే తడతారు.

ఇంతవరకు చెప్పిన మోతంతా మనిషి ఒంటి బలంతో పుట్టిన మోత. చెయ్యి నొప్పి పుడితే డప్పు ఆగుతుంది, ఊపిరి అయిపోతే సన్నాయి ఆగుతుంది. ఈ సహజమైన హద్దు ఉన్నంతకాలం అనుమతి పద్ధతితో ఎలాగో నెట్టుకొచ్చారు. 1915లో పీటర్ జెన్సన్, ఎడ్విన్ ప్రిధమ్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో లౌడ్‌స్పీకరును ప్రదర్శించారు. ఆ ఏడు క్రిస్మస్ ముందురోజు శాన్‌ఫ్రాన్సిస్కో నగర సభాభవనం ముందు లక్షకు దగ్గరగా చేరిన జనానికి వారి యంత్రం మాట వినిపించింది. మన పట్టణాల్లోకి అది రాజకీయ సభల వేదికల మీదుగా, టూరింగు టాకీసుల మీదుగా, పెళ్ళిపందిళ్ళ మీదుగా వచ్చింది. ఇక్కడినుంచి శబ్దానికి అలసట లేదు, దూరం లేదు. పాత చట్టాల్లో డప్పు, కొమ్ము, ఇత్తడి అని వాద్యాల జాబితా ఉంది గానీ కరెంటుతో నడిచే గొంతు లేదు. ఆ ఖాళీని ఎలా పూరించాలన్న దగ్గర దేశంలో ఒక చిన్న రాష్ట్రం చేసిన పని నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. అది అప్పటి అజ్మీర్ రాష్ట్రం. 1952లో అజ్మీర్ శాసనసభ శబ్దవర్ధకాల నియంత్రణకు ప్రత్యేకంగా చట్టం చేసింది. 1954లో ఆ చట్టం కింద పెట్టిన కేసులో ముద్దాయిల మీద మోపిన తప్పులు ఇవి. అనుమతి తీసుకున్నారు, కానీ మైకు మోత 30 గజాలు దాటి వినబడేలా పెట్టారు, నేలనుంచి 6 అడుగుల కంటే ఎత్తులో కట్టారు. డెసిబెల్ మీటరు లేని రోజుల్లో, చదువురాని కానిస్టేబులు కూడా అడుగులు వేసి తేల్చగల హద్దు అది. ఫిర్యాదు చేసే ఇల్లాలు కూడా తన గుమ్మంలో నిలబడి కొలుచుకోగలదు. అనుమతి ఇచ్చాక అధికారి బాధ్యత తీరిపోలేదు, అనుమతి లోపలే గీత ఉంది. స్థానిక న్యాయస్థానం ఆ చట్టం చెల్లదంది, లౌడ్‌స్పీకరు రేడియో ప్రసారంలాంటిదనీ అది కేంద్రం పరిధి అనీ. అజ్మీర్ తర్వాత రాజస్థాన్‌లో కలిసిపోయింది గనక, కేసు రాజస్థాన్ ప్రభుత్వం పేరిట సుప్రీంకోర్టుకు చేరింది. 1958 డిసెంబరులో జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు ఆ చట్టం చెల్లుతుందంది. ఎదుటివారి సౌఖ్యాన్ని లెక్కచేయని మోతను అదుపు చేయడం ప్రజారోగ్యం కిందికి వస్తుందనీ, అది రాష్ట్రాల అధికారమనీ చెప్పింది. 1859నుంచి శాంతిభద్రతల గదిలో ఉన్న శబ్దం, ఈ తీర్పుతో ఆరోగ్యం గదిలోకి అడుగుపెట్టింది. రాష్ట్రాలన్నీ ఆ అధికారాన్ని అందుకుని అజ్మీర్ గజాల్లాంటి గీతలు తమ పట్టణాల్లో గీసి ఉంటే తర్వాతి చరిత్ర వేరుగా ఉండేది. ఎక్కువచోట్ల మైకుకు లైసెన్సు అన్నారు, అక్కడితో ఆగారు. పాత జాబితాలో డప్పు పక్కన లౌడ్‌స్పీకరు అనే ఒక మాట చేరింది.

అంకె రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1987లో వాయుకాలుష్య నివారణ చట్టాన్ని సవరించి శబ్దాన్ని కూడా కాలుష్య కారకాల్లో చేర్చారు. 1989లో ప్రమాణాలు ప్రకటించారు. 2000 ఫిబ్రవరి 14న శబ్దకాలుష్య నియమాలు వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వ్యాపార ప్రాంతాల్లో 65, 55. పారిశ్రామిక ప్రాంతాల్లో 75, 70. ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో 50, 40. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. రాత్రి పది తర్వాత బహిరంగ స్థలంలో మైకు వద్దు. ఇవి మంచి అంకెలు, జాగ్రత్తగా ఆలోచించి వేసినవి. వీటి చుట్టూ కట్టిన యంత్రాంగం మాత్రం పాతదే. లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి ఇచ్చే అధికారి జిల్లా మేజిస్ట్రేటో, పోలీసు కమిషనరో, డీఎస్పీకి తగ్గని పోలీసు అధికారో. ఫిర్యాదు వినే అధికారి కూడా అతనే. తాను ఇచ్చిన అనుమతి తప్పుదారి పట్టిందని తానే ఒప్పుకోవాలి. అంతకంటే బాధాకరమైనది ఏడో నియమం. హద్దు దాటిన వెంటనే ఫిర్యాదు హక్కు పుట్టదు, హద్దుకు పైన 10 డెసిబెల్స్ దాటితేనే పుడుతుంది. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. అంటే ఇంటిముందు మోత చట్టం ఒప్పుకున్నదానికి పదింతలయ్యేదాకా ఇంటివాడు నోరు మూసుకోవాలి. రాత్రివేళ ఆంక్షల ఉల్లంఘనకు ఈ షరతు 2010 సవరణతో తొలగిపోయింది, అది ఊరటే. పగటికి అలాగే ఉంది. 2002 అక్టోబరులో మరో మినహాయింపు వచ్చింది. మత, సాంస్కృతిక ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి 12 వరకు మైకుకు రాష్ట్రప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చు. సుప్రీంకోర్టు 2005లో దాన్ని ఆమోదించింది, ఆ అధికారాన్ని కిందివారికి అప్పగించరాదన్న షరతుతో. పండుగలు మన బతుకులో భాగం గనక పదిహేను రోజుల సడలింపు నాకు అన్యాయంగా తోచదు. ఏ రోజులో ముందే చెప్పాలని 2010లో చేర్చిన మాట దానికి ప్రాణం. ముందే చెప్పడమంటే వినేవాడికి కూడా సమాచారం ఇవ్వడం. అనుమతి చరిత్రలో అది కొత్త విషయం.

మత స్వేచ్ఛను ముందుపెట్టి వచ్చే అభ్యంతరానికి మద్రాసే జవాబు చెప్పింది. నగరంలోని ఒక కాలనీ సంక్షేమ సంఘం, తమ మధ్యనున్న చర్చిలో లౌడ్‌స్పీకర్లు, డప్పులు, వాద్యాల మోత ఎక్కువగా ఉందని హైకోర్టుకు వెళ్ళింది. మద్రాసు హైకోర్టు మోత తగ్గించాలంది. చర్చి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తమ మోత కంటే పక్కనున్న మాధవరం హైరోడ్డు వాహనాల మోతే ఎక్కువని, మైనారిటీలు గనక తమను లక్ష్యం చేశారని వాదించింది. 2000 ఆగస్టు 30న తీర్పు వచ్చింది. ఇతరుల శాంతి చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదనీ, పొరుగున ఉన్న పసిపిల్లలకు, ముసలివారికి, రోగులకు, చదువుకునే పిల్లలకు నిశ్శబ్దం మీద హక్కు ఉందనీ జస్టిస్ ఎం.బి. షా ధర్మాసనం చెప్పింది. రాజ్యాంగం 25వ అధికరణంలో మత స్వేచ్ఛను ఇస్తూనే ప్రజారోగ్యానికి లోబడి అని రాసింది కదా. సుందరం చెట్టి కేసులో కనబడని మనిషి 117 ఏళ్ళ తర్వాత కోర్టు వాక్యంలోకి వచ్చాడు. ఆ తీర్పు 1888 నాటి నగర పోలీసు చట్టాన్ని, 1889 నాటి న్యూసెన్సెస్ చట్టాన్ని కూడా ప్రస్తావించింది. ఆ చట్టాల ప్రయోజనం వినేవాడిని కాపాడటమేనన్నట్టు వాటిని కొత్తగా చదివింది. రోడ్డు మోత ఎక్కువ కదా అన్న వాదన కూడా చిన్నది కాదు, ఎందుకంటే ఇవాళ ఎవరిని ఆపినా మొదట వచ్చే మాట అదే. రోడ్డు చేసే తప్పు మరొకరి తప్పుకు అనుమతి కాదు. పైగా రోడ్డు మోత మీద కూడా హద్దు పెట్టాల్సిందేనన్న దానికి అది సాక్ష్యం. 2005 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన విస్తృత తీర్పు హారన్లను, బాణసంచాను, లౌడ్‌స్పీకర్లను ఒకే చోట చేర్చి చూసింది. అత్యాచారానికి గురైన ఒక బాలిక అరుపులు మైకుల హోరులో ఎవరికీ వినబడలేదన్న ఘోరం ఆ కేసుకు మూలం.

మతం అభ్యంతరం కంటే నాకు బరువుగా తోచేది మరొకటి ఉంది. శబ్ద నియమాలు ఎప్పుడూ పేదవాడి మీదే పడతాయి, గోడలు మందంగా ఉన్నవాడికి వీధి మోత లెక్కలేదు, గొంతు తప్ప మరో ఆస్తి లేనివాడికి వీధే వేదిక అన్నది ఆ అభ్యంతరం. చరిత్ర దీనికి చాలావరకు మద్దతు ఇస్తుంది. లండన్ చట్టం దెబ్బ ఎక్కువగా ఇటలీనుంచి వచ్చిన బీద వాద్యకారుల మీద పడింది. మన పోలీసు చట్టాల జాబితా డప్పుతో మొదలైంది. డప్పు ఎవరి చేతిలో ఉండేదో మనకు తెలుసు. ఊరి చాటింపు వాళ్ళతోనే వేయించారు, చావుకు, జాతరకు వాళ్ళనే పిలిచారు, వాళ్ళ పెళ్ళి ఊరేగింపు మాత్రం పై కులాల వీధిలో మోగకూడదన్నారు. కాబట్టి శబ్దాన్ని అదుపు చేస్తామన్న ప్రతి మాటనూ ఆ జనం అనుమానంగా చూడటంలో అర్థముంది. కానీ ఆ అన్యాయం చేసింది హద్దు కాదు, అనుమతే. ఎవరు మోగించవచ్చు అన్న ప్రశ్న ఉన్నచోట కులం దూరింది, పలుకుబడి దూరింది. ఎంత మోగించవచ్చు అన్న ప్రశ్నకు మోగించేవాడి కులంతో పనిలేదు. 55 డెసిబెల్స్ ఎమ్మెల్యే కొడుకు పెళ్ళికీ 55, దళితవాడ పెళ్ళికీ 55. పలుకుబడి ఉన్నవాడి ఊరేగింపుకు కాగితం సులభంగా దొరికి, లేనివాడి డప్పును స్టేషనుకు ఎత్తుకుపోయే పద్ధతి పోవాలంటే అంకెకే పట్టం కట్టాలి. పేదవాడు మోగించేవాడే కాదు, వినేవాడు కూడా. పల్చటి గోడలు, రేకుల కప్పులు, రోడ్డుకు ఆనుకున్న ఇళ్ళు అతనివే. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే కార్మికుడికి ఏసీ గది లేదు. శబ్ద నియమం లేకపోతే అందరికంటే ఎక్కువ నష్టపోయేది అతనే.

ఈమధ్య మన పట్టణాల్లో జరిగినవాటిలో మార్పు గుర్తులు కొన్ని ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో ఏడు మహానగరాల్లో శబ్దాన్ని నిరంతరం కొలిచే కేంద్రాలు పెట్టడం మొదలుపెట్టింది. వాటిలో హైదరాబాద్ ఒకటి. ఆబిడ్స్, జీడిమెట్ల, జూపార్కు వంటి చోట్ల యంత్రాలు రాత్రింబవళ్ళు అంకెలు రాసుకుంటున్నాయి. 2022లో తెలంగాణ హైకోర్టు జంటనగరాల పబ్బుల మీద వచ్చిన కేసులో రాత్రి పది తర్వాత సంగీతం వద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. జూబిలీహిల్స్ నివాసులు వేసిన కేసు గనక దాన్ని డబ్బున్నవారి బాధగా కొట్టిపారేసినవాళ్ళు ఉన్నారు. సూత్రం మాత్రం ఏ బస్తీకైనా వర్తించేదే. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసు కమిషనరు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. వినాయక నిమజ్జనం, మిలాద్ ఊరేగింపు రెండూ ముగిశాక, రెండు పక్షాల పెద్దలతో మాట్లాడాక తీసుకున్న నిర్ణయం అది. డీజేలు కాని సౌండ్ సిస్టములకు అనుమతి ఇస్తూ, ప్రాంతాన్నిబట్టి డెసిబెల్ హద్దులు ఆ ఉత్తర్వులోనే పేర్కొన్నారు. ఒకరి మసీదు ముందా, ఒకరి గుడి ముందా అని కాకుండా, ఇద్దరికీ ఒకే అంకె చెప్పిన ఉత్తర్వు అది. సేలంనుంచి లెక్కవేస్తే ఇది పెద్ద దూరమే.

అయినా ఆ అంకెను వీధిలో నిలబెట్టే పని మిగిలే ఉంది. కొలిచే యంత్రాలు నగరంలో పది చోట్ల ఉంటే, మోత వెయ్యి చోట్ల ఉంటుంది. జిల్లా పట్టణాల్లో ఒక్క యంత్రమూ లేని పోలీసు స్టేషన్లు ఎన్నో. మీటరు లేని కానిస్టేబులు 45 డెసిబెల్స్ అన్న మాటతో ఏం చేయగలడు? అతను మళ్ళీ పాత ప్రశ్నే అడుగుతాడు, పర్మిషన్ ఉందా అని. ఉందని కాగితం చూపిస్తే వెనక్కి వెళ్ళిపోతాడు. నేను అజ్మీర్ గజాల గురించి ఇంత చెప్పింది అందుకే. పెట్టెలు నేలనుంచి ఎంత ఎత్తులో ఉండాలి, ఎన్ని ఉండాలి, ఏ దూరం తర్వాత వినబడకూడదు అన్నవి అనుమతి కాగితం మీదే రాస్తే వాటిని చెవితో, అడుగులతో సరిచూడవచ్చు. ఆ కాగితం ప్రతిని వీధి మొదట్లో అతికిస్తే వినేవాడికి కూడా తన హద్దు తెలుస్తుంది. డెసిబెల్‌ను తీసెయ్యమని కాదు, దానికి కాళ్ళు చేతులు ఇమ్మని. ఏడో నియమంలో పగటి ఫిర్యాదుకు పెట్టిన ఆ పది డెసిబెల్స్ షరతును కేంద్రం ఒక్క సవరణతో తీసెయ్యవచ్చు. రాత్రికి 2010లో ఎలాగూ తీసేసింది. అనుమతి ఇచ్చే అధికారి, ఫిర్యాదు వినే అధికారి ఒక్కడే కాకుండా చూడటం మరో సవరణ. పోలీసు అనుమతి ఇస్తే, ఫిర్యాదు పురపాలక సంఘం ఆరోగ్యాధికారికి వెళ్ళవచ్చు. 1958లో సుప్రీంకోర్టు శబ్దాన్ని ఆరోగ్యం కింద పెట్టింది గనక ఆ దారికి చట్టం అడ్డు రాదు.